యంత్రాల బలం తూచేవారు

అన్నను చదరంగంలో ఒక్కసారి ఓడించిన తమ్ముడు తానే గొప్ప ఆటగాణ్ణని ఇల్లంతా చాటుకుంటాడు. అన్న ఊరుకుంటాడా? "ఏదీ, మళ్ళీ రా!" అంటాడు. న్యాయం అన్నవైపే ఉన్నది. ఒక్క ఆటతో ఎవరి బలమూ తేలదు.

చదరంగం ఆడే యంత్రాల విషయంలోనూ ఇదే చిక్కు వచ్చింది. 1980 దశకంలో బల్లమీద పెట్టుకుని ఆడే యంత్రాలు బజారులో దొరికేవి. తన సరుకు నాసిదని ఏ వర్తకుడూ చెప్పడు కదా! అందుకని స్వీడన్ దేశంలో చదరంగమంటే ప్రాణమిచ్చే కొందరు సంఘంగా చేరి, యంత్రానికీ యంత్రానికీ పోటీ పెట్టసాగారు. జీతమూ లేదు, బత్తెమూ లేదు. ఆ యంత్రాలు చాలావరకు ఒకదానితో ఒకటి మాట్లాడుకోలేవు. అందుచేత మనిషే మధ్య కూర్చుని, ఈ యంత్రం వేసిన ఎత్తు దానికీ, దాని జవాబు దీనికీ చేత్తో అందించాలి. ఒక్కొక్క యంత్రానికి 40 ఎత్తులకు 2 గంటల గడువు. ఆట ముగిసేసరికి పొద్దువాలేది. నారదుడి ఉద్యోగమే గాని, ఇక్కడ ఎవరి పక్షమూ పట్టరాదు!

బలాన్ని అంకెతో చెప్పే పద్ధతిని ఏర్పరచినవాడు ఆర్పాడ్ ఎలో. హంగెరీలో పుట్టి, అమెరికాలో భౌతికశాస్త్రం బోధించాడు. ప్రపంచ చదరంగ సమాఖ్య 1970లో ఆయన పద్ధతిని స్వీకరించింది. గెలుపుకు ఒక పాయింటు, సరిసమానమైతే అర. ఇద్దరి అంకెలకూ 200 తేడా ఉంటే, బలవంతుడికి 100 ఆటల్లో సుమారు 76 పాయింట్లు రావాలి. తేడా 10 మాత్రమే అయితేనో? 51కి కాస్త పైన! ఆ కాస్త తేడా నిజమా, అదృష్టమా? తేల్చాలంటే వేల ఆటలు కావాలి. పొరపాటు సగానికి తగ్గాలంటే ఆటలు రెండింతలు చాలవు, నాలుగింతలు ఆడించాలి.

ఇప్పుడు ఆడేవి కంప్యూటరు ప్రోగ్రాములు. ఎత్తులు వాటంతటవే అందుకుంటాయి. అయినా మనుషుల పని తీరలేదు. సి.సి.ఆర్.ఎల్. అనే పట్టిక తయారుచేసేవారు తమ తమ కంప్యూటర్లమీదనే ఆటలు నడుపుతారు. ఒకరి కంప్యూటరు చురుకు, మరొకరిది మందకొడి. అందుకని ఒక కంప్యూటరును కొలబద్దగా పెట్టుకుని, చురుకైనదానిమీద ఆడేటప్పుడు గడువు తగ్గిస్తారు, మందమైనదానిమీద పెంచుతారు.

మరొక చిక్కున్నది. ప్రోగ్రాములను వాటి మానాన వదిలితే ఆడిన ఆటే మళ్ళీ ఆడవచ్చు. అందుచేత 2010లో మొదలైన టి.సి.ఇ.సి. అనే పోటీలో మొదటి కొన్ని ఎత్తులు నిర్వాహకులే నిర్ణయిస్తారు. ఒక్కొక్క మొదలునుంచి రెండు ఆటలు. తెల్లపావులతో ఆడిన ప్రోగ్రాము రెండోసారి నల్లపావులు తీసుకోవాలి.

ఒక పట్టికలోని అంకెను మరొక పట్టికతో పోల్చరాదు. ఈ ఊరి కుంచమూ ఆ ఊరి కుంచమూ ఒకటి కావుగా! పైగా పట్టికలో ప్రతి అంకె పక్కనా మరో చిన్న అంకె వేస్తారు: మా లెక్క ఇంత ఎక్కువో, ఇంత తక్కువో అయివుండవచ్చునని.