బండికి అలంకారం, ఎముకకు అపకారం

గత నెలలో మా అపార్టుమెంటులోని ఒక యువకుడు నా వద్దకు వచ్చి, "తాతగారూ, హైదరాబాదు నుండి లద్దాఖు వరకు బండి మీద వెళుతున్నాను. ఫస్ట్ ఎయిడ్ పెట్టెలో ఏమేమి పెట్టుకోవాలో వ్రాసి ఇస్తారా?" అని అడిగాడు. ఈ కాలపు పిల్లలు ప్రయాణానికి ముందు వైద్యుణ్ణి సంప్రదించడమే అరుదు కనుక నాకు ముచ్చట వేసింది. పట్టిక తరువాత, ముందు బండి చూపించమన్నాను.

సెల్లారులో ఆ బండిని చూసి కాసేపు మాట్లాడలేకపోయాను. ముందువైపు వెల్డింగు షాపులో ప్రత్యేకంగా చేయించిన ఇనుప గార్డు. దానికి నాలుగు ఎల్‌ఈడీ దీపాలు, అద్దాల కింద మరి రెండు. వెనుక చక్రానికి ఇరువైపులా ఇనుప చట్రాలు, వాటికి వ్రేలాడే పెట్రోలు డబ్బాలు. సీటు వెనుక ట్రంకు పెట్టె. వీటన్నిటికీ మకుటంగా, పాత స్కూటరు చక్రాలతో తయారు చేయించిన రెండు చక్రాల ట్రైలరు! గుడారము, పొయ్యి, బట్టలు అందులో వేసుకొని వెళతాడట. "ఇందులో సగం ఊడదీసి రా నాయనా, అప్పుడు పట్టిక వ్రాసి ఇస్తాను" అన్నాను. అతని ముఖం చిన్నబోయింది. "ఇవన్నీ సేఫ్టీ కోసమే కదా తాతగారూ" అన్నాడు.

ఆ మాటే నాచేత ఈ వ్యాసం వ్రాయిస్తున్నది. సరదా కోసం చేయించానంటే ఊరుకొనేవాణ్ణేమో. నేనూ యౌవనంలో రాజదూత్ మీద శ్రీశైలం ఘాటు ఎక్కినవాడినే. ఆ వయసు ఉత్సాహం నాకు తెలియనిది కాదు. కాని జాతీయ రహదారి పక్కనున్న ప్రభుత్వ ఆసుపత్రులలో శస్త్రవైద్యుడిగా దశాబ్దాల పాటు రాత్రి డ్యూటీలు చేసినవాడిగా, ఆ 'సేఫ్టీ' అనే మాటను మాత్రం నేను అంగీకరించలేను. బండికి ఏదైనా తగిలించేముందు మెకానిక్కును అడగని ప్రశ్న ఒకటుంది. నేను పడినప్పుడు ఈ ఇనుము నా శరీరంలో ఎక్కడ దిగుతుంది? ప్రమాదాన్ని బండి నిలబడి ఉన్నప్పుడు కాదు, పడినప్పుడు ఊహించాలి.

ముందుగా దీపాల సంగతి. చీకటిలో మన కంటిపాప విప్పారి, రెటీనాలోని దండకణాలు మెల్లగా మేలుకొంటాయి. అవి పూర్తిగా చీకటికి అలవాటు పడడానికి దాదాపు అరగంట పడుతుంది. ఆ స్థితిలో ఉన్న కంటి మీదకు ఒక్కసారిగా తీవ్రమైన తెల్లని కాంతి పడితే అంతవరకు సంపాదించుకొన్న చూపు కరిగిపోతుంది. కన్ను తేరుకోవడానికి కేవలం మూడు సెకన్లు పట్టిందనుకొందాం. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే మనిషి ఆ మూడు సెకన్లలో 50 మీటర్ల దూరం గుడ్డిగా ప్రయాణిస్తాడు. ఆ 50 మీటర్లలో ఎడ్లబండి ఉండవచ్చు, రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం ఉండవచ్చు, దాటుతున్న పసివాడు ఉండవచ్చు.

ఇక ఆ వచ్చే మనిషి వయసు అరవై దాటి, కంట్లో శుక్లం మొదలైనవాడైతే? మసకబారిన కటకం లోపలికి వచ్చే కాంతిని చెల్లాచెదరు చేస్తుంది. అద్దం మీద పొగమంచు పట్టినప్పుడు ఎదుటి దీపం ఎలా పూవులా విచ్చుకొంటుందో, అతనికి మీ దీపం అలా కనిపిస్తుంది. ఆ వెలుగు వెనుక ఉన్న రోడ్డు కనిపించదు. మన దేశంలో అంధత్వానికి ప్రథమ కారణం శుక్లాలే. శస్త్రచికిత్స ఇంకా చేయించుకోని లక్షలాది మంది మన రోడ్ల మీద నడుస్తున్నారు, సైకిళ్లు తొక్కుతున్నారు, మోపెడ్ల మీద పాలు పోసి వస్తున్నారు. వారిని మీరు చూడడం కోసం వారి చూపును తీసివేస్తున్నారు.

"ఎదుటివారికి మేము కనబడాలి కదా" అంటారు. నిజమే, ఇది తోసివేయదగిన వాదన కాదు. అమెరికాలో హ్యారీ హర్ట్ అనే పరిశోధకుడు లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో జరిగిన సుమారు 900 మోటారు సైకిలు ప్రమాదాలను ఆ స్థలాలకే వెళ్లి పరిశీలించి 1981లో నివేదిక సమర్పించాడు. ఎదుటి డ్రైవరు మోటారు సైకిలును గుర్తించకపోవడం ప్రధాన కారణాలలో ఒకటని, పగలు కూడా హెడ్‌లైటు వెలిగించి ఉంచడం మేలు చేస్తుందని అందులో తేలింది. అయితే ఆ ప్రయోజనం మన బండ్లకు సమకూరి చాలా కాలమైంది. 2017 ఏప్రిల్ నుండి మన దేశంలో తయారయ్యే ద్విచక్ర వాహనాలన్నిటికీ ఇంజను నడిచినంతసేపు హెడ్‌లైటు వెలిగే ఏర్పాటు తప్పనిసరి చేశారు. కనబడడం వేరు, కళ్లు పొడవడం వేరు. కంపెనీ హెడ్‌లైటులోని అద్దము, వంపు, బల్బు స్థానము ఒకదానికొకటి లెక్కగట్టి అమర్చినవి. డిమ్ములో కాంతి ఎదుటివాని కంటి ఎత్తుకు కిందనే ఆగాలన్నది ఆ లెక్క. హాలోజన్ బల్బు తీసి అదే గిన్నెలో చవక ఎల్‌ఈడీ బిగిస్తే ఆ లెక్క మొత్తం తప్పుతుంది. గార్డుకు బిగించిన దీపాలకైతే అసలు లెక్కే లేదు. మెకానిక్కు చేతితో ఎటు తిప్పితే అటు.

ఈ దీపాలకు తీగలు లాగే పద్ధతి కూడా చూశాను. ఫ్యూజు లేదు, రిలే లేదు. హెడ్‌లైటు తీగను కోసి, మెలిపెట్టి, నల్ల టేపు చుట్టి, పెట్రోలు ట్యాంకు కింద నుండి తీసుకొనిపోయారు. ఎండలో, ఇంజను వేడిలో ఆ టేపు ఎన్ని రోజులు నిలుస్తుందో మీరే ఊహించుకోండి.

ఇప్పుడు ఇనుప గార్డు. దీని మీద నాకున్నంత కోపం మరి దేనిమీదా లేదు. మీ మోకాలి కింద ముందువైపు చేయి పెట్టి చూడండి. చర్మం కిందనే ఎముక తగులుతుంది. మధ్యలో కండ లేదు. ముంగాలి ఎముక విరిగినప్పుడు చర్మాన్ని చీల్చుకొని బయటకు రావడం అంత సులువు అందువల్లనే. బయటపడిన ఎముకలోకి రోడ్డు మీది మట్టి, పేడ, ఆయిలు చేరుతాయి. ఆ తరువాత నెలల తరబడి కడగడాలు, రాడ్లు, చీము, మళ్లీ శస్త్రచికిత్సలు. ఒక్కొక్కసారి కాలు తీసివేయవలసి వస్తుంది. పాతికేళ్ల కుర్రవాడి తండ్రికి ఆ మాట చెప్పవలసిన రాత్రులు నా ఉద్యోగ జీవితంలో కొన్ని ఉన్నాయి.

గార్డు ఉంటే ఈ బాధ తప్పుతుందని కదా ఆశ? పైన చెప్పిన హర్ట్ నివేదిక ఈ సంగతినీ పరిశీలించింది. గార్డుల వల్ల పాదానికి, చీలమండకు గాయాలు తగ్గిన మాట నిజమే. కాని తొడకు, మోకాలికి, ముంగాలికి గాయాలు ఆ మేరకు పెరిగాయి. కనుక గాయాలను తగ్గించే సాధనంగా అవి పనికిరావని ఆ నివేదిక తేల్చింది. కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్లు! నిలబడిన బండి పక్కకు ఒరిగినప్పుడు ఇంజనును, ట్యాంకును కాపాడే శక్తి గార్డుకు ఉంది. లారీని ఢీకొన్నప్పుడు మీ కాలును కాపాడే శక్తి లేదు. పైగా వెల్డింగు షాపులో చేసిన గొట్టం లోపలికి వంగి, కాలును తనకూ ట్యాంకుకూ నడుమ బిగించి పట్టుకొంటుంది. అటువంటి ఒక యువకుణ్ణి బండితో సహా ఆటోట్రాలీలో ఆసుపత్రికి తెచ్చారు. ఇనుమును కోసే రంపం తెప్పించిన తరువాతనే మేము మా పని మొదలుపెట్టగలిగాము. అదే నివేదికలో మరొక మాట ఉన్నది. రూపం మార్చిన మోటారు సైకిళ్లు తమ సంఖ్యకు మించి ప్రమాదాల పాలయ్యాయట.

ఇందులో వెల్డింగు చేసే అన్న తప్పేమీ లేదు. గేట్లు, గ్రిల్లులు అతడు చక్కగా చేస్తాడు. కాని గేటు గంటకు ఎనభై కిలోమీటర్ల వేగంతో పరుగెత్తదు. బండి ఫ్రేముకు ఎక్కడ పడితే అక్కడ వెల్డింగు పెడితే ఆ వేడికి చుట్టుపక్కల లోహం బలం మారుతుందని, గుంతల రోడ్డు మీద పగులు అక్కడే మొదలు కావచ్చునని అతనికి ఎవరూ చెప్పలేదు.

వెనుక కూర్చునేవారి విషయం మరీ దారుణం. పక్క పెట్టెల చట్రాలు బిగించడానికి అడ్డం వస్తున్నవని చీర గార్డునూ, చేతిపట్టునూ ఊడదీస్తున్నారు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలోని 123వ నియమం ప్రకారం వెనుక కూర్చునేవారికి చేతిపట్టు, కాలు పెట్టుకొనే ఆధారం, బట్టలు చిక్కుకోకుండా వెనుక చక్రాన్ని సగానికి తక్కువ కాకుండా కప్పే రక్షణ ఉండాలి. ఆ నియమం ఎందుకు వచ్చిందో నాకు ఎవరూ వివరించనక్కరలేదు. చున్నీ చక్రంలో చుట్టుకొని మెడ బిగిసిన అమ్మాయిలనూ, మడమ చువ్వలలో నలిగి చర్మం ఊడివచ్చిన పసిపిల్లలనూ చూశాను. ఆ గార్డు తీసిన బండి ఈ నెల లద్దాఖు వెళుతుంది సరే. వచ్చే నెల దాని మీద కూర్చొని గుడికి వెళ్లేది ఇంట్లోని అమ్మే కదా?

సామాను కట్టే కొక్కేల రబ్బరు తాడు గురించి కూడా చెప్పాలి. చివరి అంగుళం సాగదీసి తగిలించబోతుండగా జారిన కొక్కెం వెనక్కు తన్ని నేరుగా కంటికి తగులుతుంది. కనుగుడ్డు పగిలే ఈ ప్రమాదం కంటి వైద్యులకు సుపరిచితం. వెడల్పాటి పట్టీ, బకిలు వాడండి. ఖర్చు నూరో ఇన్నూరో ఎక్కువ, అంతే.

ఇక ట్రైలరు. మన పల్లెల్లో రైతులు బండికి చిన్న ట్రాలీ తగిలించి ఎరువు బస్తాలు, పాల క్యానులు తీసుకొనిపోవడం మీరు చూసే ఉంటారు. అది కూడా ప్రమాదరహితం కాదు. అయినా ఆ రైతు పొలం బాటన మనిషి పరుగెత్తే వేగంతో పోతాడు. అది అతని బ్రతుకుతెరువు. రహదారి మీద ఎనభైలో ట్రైలరు లాగడం వేరు. మోటారు సైకిలు మలుపులో పక్కకు ఒరుగుతుంది, రెండు చక్రాల ట్రైలరు ఒరగదు. రెండింటినీ కలిపే కొక్కెం ఆ మెలికను భరించాలి. ట్రైలరు బరువు వెనుక భాగాన్ని కిందికి నొక్కితే ముందు చక్రం తేలిక అవుతుంది. బండిని ఆపే శక్తిలో అధిక భాగం ముందు చక్రానిదే. మలుపులో బ్రేకు వేస్తే వెనుక నుండి వచ్చే ఆ బరువు బండిని పక్కకు నెడుతుంది. ట్రైలరుకు తన సొంత బ్రేకు ఉండదు కదా! అమెరికాలో దూరప్రయాణాలకు పేరుపొందిన భారీ బండి హోండా గోల్డ్ వింగ్. దానికి ట్రైలర్లు తగిలించుకొని తిరిగేవారు అక్కడ చాలామంది ఉన్నారు. కాని హోండా సంస్థ తన యజమానుల పుస్తకంలో ట్రైలరు లాగవద్దనే చెబుతుంది. అంతటి బండి తయారుచేసినవారికే లేని ధైర్యం, పాత స్కూటరు చక్రాలు అమర్చిన మనకెందుకు?

సైలెన్సరు మార్చినవారికి రెండు మాటలు. 85 డెసిబెల్స్ ధ్వనిని రోజుకు ఎనిమిది గంటలకు మించి చెవి భరించరాదని వృత్తి ఆరోగ్య నిపుణుల లెక్క. ఆపై ప్రతి మూడు డెసిబెల్స్‌కూ ఆ వ్యవధి సగమవుతుంది. 100 దగ్గర మిగిలేది పదిహేను నిమిషాలే. దూరప్రయాణంలో హెల్మెట్ లోపలి గాలి హోరే చెవికి చాలినంత పని పెడుతుంది. లోపలి చెవిలోని రోమకణాలు చనిపోతే మళ్లీ మొలవవు.

చట్టం సంగతి ఇష్టం లేకున్నా చెప్పక తప్పదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను, తయారీ సంస్థ నిర్దేశించిన ప్రమాణాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చరాదంటున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళకు చెందిన ఒక కేసులో దీనిని దృఢపరచింది. 2019 సవరణ తరువాత అటువంటి మార్పుకు ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. చట్టం దృష్టిలో ట్రైలరు కూడా ఒక వాహనమే. రిజిస్ట్రేషన్ లేకుండా రోడ్డెక్కరాదు. బీమా సంస్థకు చెప్పని మార్పు క్లెయిము నాడు మీ కుటుంబాన్ని ఆఫీసుల చుట్టూ తిప్పుతుంది.

మా కుర్రవాడిని చివరికి ఒక్కటే అడిగాను, హెల్మెట్ ఎంతకు కొన్నావని. దీపాల ధరలో మూడో వంతు కూడా లేదు. పైగా కెమెరా బిగించడానికి దానికి రంధ్రం చేయించాడు. తలను కాపాడవలసిన డిప్పకు స్వయంగా చిల్లు పొడిచి, కాలికి మాత్రం ఇనుప కోట కట్టుకొన్నాడు. కోపం ఆపుకోలేక నాలుగు మాటలు అన్నాను. మర్నాడు ఐఎస్ఐ గుర్తు ఉన్న కొత్త హెల్మెట్ కొని తెచ్చి చూపించాడు.

పోయిన ఆదివారం బయలుదేరాడు. నాలుగు దీపాలు ఊడదీశాడు, చీర గార్డు మళ్లీ బిగించాడు. పట్టిక వ్రాసి ఇచ్చాను. గాజు గుడ్డలు, వెడల్పాటి కట్లు, విరిగిన కాలికి ఆసరా కట్టే బద్దలు, కత్తెర, రక్తపు గ్రూపూ ఇంటి ఫోను నంబరూ వ్రాసిన కాగితం. దానితోపాటు లేహ్ చేరాక రెండు రోజులు కదలకుండా విశ్రాంతి తీసుకొమ్మనే సలహా. ట్రైలరు సెల్లారులోనే ఉంది. మా వాచ్‌మన్ అందులో నీళ్ల క్యానులు పెట్టుకొంటున్నాడు. ఇనుప గార్డు మాత్రం అతడు తీయలేదు. రాత్రి నాగపూరు నుండి ఫోను చేసినప్పుడు మళ్లీ అడిగాను. "వచ్చాక మాట్లాడదాం తాతగారూ" అన్నాడు.