విడాకులు తీసుకున్నది మేము, పాప కాదు



మా పాప పుట్టినరోజుకి నేను పంపిన పార్సెల్ హైదరాబాదు నుంచి విప్పకుండానే న్యూజెర్సీకి తిరిగొచ్చింది. "అమ్మమ్మ దగ్గర నెల రోజులుండి వస్తాం" అని వెళ్ళి ఐదేళ్ళయింది. ఇక్కడి కోర్టు కస్టడీ ఇద్దరికీ ఇచ్చింది. ఆ కాగితం నా దగ్గర భద్రంగా ఉంది. పాప మాత్రం రెండేళ్ళ క్రితం ఒక్కసారి ఫోనెత్తి "ఎవరు?" అంది.

నా మాజీ భార్యని తిట్టడానికి ఇది రాయడం లేదు. కాపురం చెడడంలో నా వాటా నాకుంది. నా గొడవ చట్టంతో, అంతకన్నా ముందు మనతో.

ఒకరి అనుమతి లేకుండా రెండోవారు బిడ్డని దేశం దాటిస్తే వెనక్కి పంపాలనే హేగ్ ఒప్పందం 1980 నాటిది. కస్టడీ ఎవరిదో అది తేల్చదు. బిడ్డ పెరిగిన దేశంలోని కోర్టే తేల్చాలంటుంది, అంతే. అమెరికా అందులో ఉంది. 2014లో జపాన్ కూడా చేరింది. ఇండియా చేరలేదు. చేరమని లా కమిషన్ 2009లోనే చెప్పింది. 2016లో ముసాయిదా బిల్లు కూడా తయారైంది, అక్కడే ఆగిపోయింది.

ఫలితం? దేవుడు వరమిచ్చినా పూజారి కరుణించాలి. అమెరికా తీర్పు పట్టుకెళ్ళినా అక్కడ మళ్ళీ మొదటినుంచి వాదించుకోవాలి. 2009లో ఒక బిడ్డని న్యూయార్క్ పంపమన్న సుప్రీంకోర్టే, 2017లో మరో కేసులో విదేశీ ఉత్తర్వు పరిశీలించాల్సిన అంశాల్లో ఒకటి మాత్రమేననీ, బిడ్డ సంక్షేమమే ముఖ్యమనీ అంది. సంక్షేమమే ముఖ్యం, కాదనను. కానీ వాయిదాలు సాగేకొద్దీ పిల్ల అక్కడి బడికీ, స్నేహితులకీ అలవాటు పడుతుంది. అప్పుడు "ఇప్పుడు కదిలిస్తే పిల్లకి మంచిది కాదు" అంటారు. ఆలస్యం చేసినవాళ్ళకే ఆలస్యం వల్ల లాభం!

"ఇదంతా మగాళ్ళ గోల" అంటారా? హెచ్-4 మీద వచ్చి, దెబ్బలు తిని, బిడ్డతో పారిపోయిన తల్లుల సంగతి నాకూ తెలుసు. విడాకులైతే ఆ వీసా కూడా పోతుంది. బిడ్డకి తీవ్రమైన హాని ఉందంటే పంపనక్కర్లేదని ఒప్పందంలోని 13వ అధికరణమే చెబుతోంది. అది చాలదంటే, కేసు నడిచినన్నాళ్ళూ తల్లికి వీసా, లాయరు ఖర్చు ఇవ్వాలని షరతు పెట్టండి, నేనూ సంతకం పెడతాను. మరి భార్యని ఇండియాలో వదిలేసి, ఆమె పాస్‌పోర్టు లాక్కుని, పిల్లాడితో ఇక్కడికి విమానమెక్కే మగమహారాజుల మాటేమిటి? ఇండియా ఒప్పందంలో లేదు కనుక ఆ తల్లికీ అది అక్కరకు రాదు.

2020లో, అమెరికాలో కాపురమున్న ఒక జంట కేసులో సుప్రీంకోర్టు తల్లిదండ్రులిద్దరి ప్రేమా పొందడం బిడ్డ హక్కు అంది. కస్టడీ లేనివారికి కూడా రోజూ 5-10 నిమిషాలు బిడ్డతో మాట్లాడే హక్కు ఉండాలంది. ఎంత మంచి మాట! అమలు చేయించేదెవరు?

మన సభలకి మంత్రుల్ని పిలుస్తాం, శాలువాలు కప్పుతాం, వీసాల గురించి వినతిపత్రాలిస్తాం. ఇంత పెద్ద సమస్య గురించి మాత్రం "అది వాళ్ళింటి గొడవ" అని ఊరుకుంటాం. ఈసారి ఆ వినతిపత్రంలో ఇంకొక్క వాక్యం చేర్చండి: తల్లులకి రక్షణతో సహా హేగ్ ఒప్పందంలో చేరండి అని.

పార్సెల్‌లో ఉన్నది ఆరేళ్ళ పిల్లకి సరిపోయే గౌను. మా పాపకిప్పుడు పదకొండు. కొలత తెలియక పాతదే పంపాను.