ఆపరేషన్ సరే, ఇంటికొచ్చాక ఎవరు చూస్తారు?



వనపర్తి, నాగర్‌కర్నూల్‌లో 2022లో, గద్వాలలో 2024లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. ఇక న్యూరో సర్జన్ ఎప్పుడొస్తాడు, ఎంఆర్ఐ ఎప్పుడొస్తుంది అని నలుగురూ అడుగుతున్నారు. అడగాల్సిందే. కానీ వెన్నుపూస విరిగి నడుము కింద చచ్చుబడిన మనిషిని, పక్షవాతంతో కాలూచెయ్యీ పడిపోయిన మనిషిని ఇంటికి తెచ్చుకున్నాక చాలాసార్లు ప్రాణం తీసేది ఆ మొదటి దెబ్బ కాదు. నడుము కింద పడ్డ పుండు, మూత్రంలో ఇన్ఫెక్షన్, ఊపిరితిత్తుల్లోకి పోయిన గుక్కెడు పాలు. ఈ మూడింటినీ చాలావరకు ఆపగలిగేది నర్సింగే. అది ఆసుపత్రి గేటు దాటి రావడం లేదన్నదే నా ఫిర్యాదు.

మన దగ్గర ఇలా మంచాన పడేది ఎవరు? వలస పోయి సెంట్రింగ్ మీంచి పడ్డ పాలమూరు కూలీలు, తాటిచెట్టు మీంచి జారిన గీత కార్మికులు, 44వ నంబరు హైవే మీద కొత్తకోట, ఎర్రవల్లి దగ్గర హెల్మెట్ లేకుండా పోతూ తలకు దెబ్బ తగిలినవాళ్లు. అలంపూర్ వైపు వాళ్లకు కర్నూలు పెద్దాసుపత్రి దగ్గర. అచ్చంపేట వైపు పెద్ద కేసయితే హైదరాబాదే. ఇంగ్లిషులో రాసిన డిశ్చార్జి కాగితం కవర్లో పెట్టుకుని ఇంటికొస్తారు. కర్నూలంటే పక్క రాష్ట్రం కూడాను. ఫలానా మనిషి మంచాన పడి ఊరికొచ్చాడన్న కబురు పల్లె దవాఖానాకు ఎవరు చెప్పాలి?

నర్సింగ్ ఎంత చేయగలదో చూడండి. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లలో ఎక్కువమంది కొన్ని నెలల్లోనే పోయేవారు. 1944లో ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో లుడ్విగ్ గుట్‌మన్ అనే డాక్టరు అలాంటివాళ్లను రాత్రీ పగలూ రెండు గంటలకోసారి పక్కకు తిప్పించడం మొదలుపెట్టాడు. వాళ్లలో చాలామంది బతికారు. ఆయన వాళ్లకు పెట్టిన ఆటల పోటీలే తర్వాత పారాలింపిక్స్ అయ్యాయి. అలా పక్కకు తిప్పడానికి యంత్రం అక్కర్లేదు, ఓ బొంత, రెండు దిండ్లు, నేర్చిన చేతులు చాలు.

మరి ఇళ్లలో ఏం జరుగుతోంది? ఎర్రబడ్డ చోట నూనె పోసి గట్టిగా రుద్దుతారు. లోపలి కండ ఇంకా చితుకుతుంది. వేలితో నొక్కినా ఎరుపు పోకపోతే పుండు మొదలైనట్టేనని పుస్తకాల్లో ఉంటుంది. నల్లటి మన ఒంటి మీద ఆ ఎరుపు ఎక్కడ కనబడుతుంది? చేత్తో ముట్టి వేడి, గట్టిదనం చూడాలి. యూరిన్ బ్యాగు నడుము కన్నా కిందికి వేలాడాల్సింది పోయి పక్కలోనే ఉంటుంది. మూతి వంకరపోయిన మనిషికి పడుకోబెట్టే పాలు తాగిస్తారు. పడిపోయిన చెయ్యి పట్టి లేపితే భుజం జారుతుంది. కూలి మానుకుని చాకిరీ చేసే భార్యకో కోడలికో ఇవి చేసి చూపించినవాళ్లే లేరు.

దెబ్బ తగలకుండా చూడటం ఇంకా చవక. గీత కార్మికులకు 2024లో కాటమయ్య రక్షణ కవచం కిట్లు ఇవ్వడం మొదలైంది, మంచి పని. బీపీ గోలీలు "బాగానే ఉన్నా కదా" అని మానేసినవాళ్ల ఇంటికి ఆశా కార్యకర్త మళ్లీ వెళ్తే కొన్ని పక్షవాతాలు రానే రావు. వస్తే మాత్రం పసరు మందు కోసం తిరగొద్దు. గడ్డ కరిగించే ఇంజక్షన్ నాలుగున్నర గంటల్లోపే పడాలి, అంతకుముందే స్కాన్ కావాలి.

ఇళ్లకు నర్సులను పంపమంటే, ఉన్న వార్డులకే స్టాఫ్ నర్సులు చాలడం లేదంటారు. నిజమే, ఉద్యోగమంతా వార్డుల్లోనే గడిపినదాన్ని, నాకు తెలియనిది కాదు. కానీ నర్సింగ్ విద్యార్థులకు పల్లెల్లో పనిచేయడం చదువులో భాగమే. సర్వేల పేరుతో రిజిస్టర్లు నింపించే బదులు, ఒక్కొక్కరికీ మంచాన పడ్డ ఇద్దరు ముగ్గురు మనుషులను అప్పగించండి. ఇళ్లకు వెళ్లి ఉపశమన సేవ చేసే ఆలన బృందాలకు ఆ పేర్లు ఇవ్వండి. ఆరోగ్యశ్రీ పరిమితిని 10 లక్షలకు పెంచిన ప్రభుత్వానికి ఇది పెద్ద ఖర్చేం కాదు.

వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల జిల్లాల కలెక్టర్లూ ఒక్క ఉత్తర్వు ఇవ్వాలి: రోగిని ఇంటివాళ్లు నర్సు ఎదుట ఒకసారి తిప్పి, ఒకసారి కూర్చోబెట్టి తినిపించి చూపిన తర్వాతే డిశ్చార్జి. ఆ రోజే పల్లె దవాఖానాకు ఫోను, వారంలోపు ఏఎన్ఎం ఇంటికి రావడం. కర్నూలు నుంచి వచ్చేవాళ్ల సంగతి గద్వాల అధికారులు అక్కడివాళ్లతో మాట్లాడి తేల్చుకోవాలి.

— ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు, వనపర్తి జిల్లా