చేతిలో లేని మీట

ఉద్యోగమునుండి విరమించినవానికి కాలము కొల్లలుగా నుండునని లోకమునకొక గట్టి నమ్మకము. కొల్లలుగా నున్నదానినుండి ఎవరెంత తీసికొన్నను వానికి లోటు రాదనునది దానిని వెన్నంటి వచ్చు రెండవ నమ్మకము. ఈ రెండవదియే సికింద్రాబాదులో ఎందరో వృద్ధుల పగళ్ళను తునాతునకలు చేయుచున్నది.

1874లో వాడి నుండి రైలుమార్గము వచ్చిన నాటినుండియు ఇది రైల్వేవారి ఊరు. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడి, సికింద్రాబాదు దానికి ప్రధాన కేంద్రమైన పిదప, బెజవాడనుండియు హుబ్లీనుండియు షోలాపురమునుండియు బదిలీపై వచ్చినవారు మారేడుపల్లి, మెట్టుగూడ, సీతాఫలమండి ప్రాంతములలో ఇండ్లు కట్టుకొని యిచ్చటనే నిలిచిపోయిరి. రోస్టరు చెప్పిన వేళకు నిద్రించి, అది చెప్పిన వేళకే మేల్కొని, దీపావళి రాత్రిని సైతము కంట్రోలు ఫోను ముందర గడపిన యీ మనుష్యులు పింఛను పుచ్చుకొను దశలో కోరునది పెద్దదేమియు కాదు. తాము అనుకొన్నది అనుకొన్నట్లు గడచు ఒక పగలు.

అట్టి పగటినొకదానిని నేను మొన్న గురువారమునకు ఏర్పరచుకొంటిని. భోజనమువరకు తిక్కన ఉద్యోగపర్వము, ఆపైన కొంత కునుకు. పుస్తకము తెరచునంతలో పై అంతస్తులో చలువరాళ్ళు కోయు యంత్రము మొదలైనది. అప్పు కావలెనా యని యెవరో ఫోను చేసిరి. ఫోను కట్టివేయుదమన్నచో అది గ్యాసుబండ వచ్చు దినము. బండ తెచ్చిన కుర్రవాడు గుమ్మమున నిలిచి, "అంకుల్, ఓటీపీ చెప్పండి, కింద బండి అడ్డంగా ఉంది" అని తొందరించుచుండగా, కళ్ళజోడు ఒక గదిలోను ఫోను మరియొక గదిలోను వెదకి, ప్రకటనల సందేశముల నడుమ దాగియున్న ఆ అంకెలను పట్టి చదువవలసివచ్చినది. పిదప పాత సామాను కొను బండి వీధి మొగనాగి, పాత ఫ్రిజ్జులు, పాత బ్యాటరీలు కొందుమని, మనిషి నోరు తెరువకయే, యంత్రమునందలి గొంతుతో అదే మాటను మరల మరల చాటినది. బండివానికి అది పొట్టకూడు, రాళ్ళు కోయువానికి దినకూలి. వారిపై నాకు కోపము లేదు.

నాకు కష్టము కలిగించినది, "పెద్దవారు గదా, చెవి కొంత మందగించియుండును, మీకేమి బాధ?" యని పై అంతస్తు మేస్త్రి మెల్లగా, మర్యాదగానే అనిన మాట. ఇది చాలమందికున్న పొరపాటు. వయసుతో లోపలి చెవియందలి రోమకణములు నశించుటచే సన్నని ధ్వనులు వినబడకపోవుట నిజమే. కాని ఆ నష్టముతోడనే బిగ్గరగా వచ్చు ధ్వని మునుపటికంటె దుస్సహమగుటయు, రొదలోనుండి మాటను వేరుపరచి గ్రహించుట దుర్లభమగుటయు వైద్యులెరిగిన విషయములే. ముసలి చెవికి నిశ్శబ్దము పడుచు చెవికంటె ఎక్కువ అవసరము.

అట్లయినచో రైలుకూత మాటయేమి? స్టేషనుకు కూతవేటు దూరములో ఏండ్లకేండ్లు నిద్రించినవారము మేము. ఆ కూత మమ్ము లేపలేదు. ఈ కాలింగు బెల్లు లేపుచున్నది. దీనికి సమాధానము 1972లో అమెరికాలో డేవిడ్ గ్లాస్, జెరోమ్ సింగర్ అను మనస్తత్త్వశాస్త్రజ్ఞులు ప్రకటించిన గ్రంథమున కలదు. వారు కొందరికి క్రమము తప్పక వచ్చు రొదను, కొందరికి ఎప్పుడు వచ్చునో తెలియని రొదను వినిపించి, తదుపరి వారికి పనులనొప్పగించిరి. తెలియని రొద విన్నవారు త్వరగా చేతులెత్తివేసిరి, అచ్చుతప్పులు దిద్దుటలో ఎక్కువ పొరబడిరి. మరికొందరికి మాత్రము, భరింపలేనిచో నొక్కుడని ఒక మీటనిచ్చిరి; వారు దానిని నొక్కకయే, అది యున్నదను ధైర్యముచేతనే, ఆ పనులను ఓపికతో సాగించిరి. అనగా మనిషిని అలయించునది శబ్దమొక్కటియే కాదు. అది యెప్పుడు వచ్చునో, ఎప్పుడాగునో తన చేతిలో లేకపోవుటయు. ఇంటియందుండు వృద్ధునిచేత నున్న ఆ మీటనే అందరును తెలియకయే లాగికొనుచున్నారు.

చట్టము లేకపోలేదు. 2000 నాటి శబ్దకాలుష్య నియమములు నివాసప్రాంతమునకు పగలు 55, రాత్రి 45 డెసిబెళ్ళు హద్దుగా విధించినవి. పది డెసిబెళ్ళు పెరిగినచో శక్తి పదిరెట్లగునని తెలిసినవారికి ఆ హద్దు ఎంత విలువైనదో తెలియును. అక్కరలేని వ్యాపారపు పిలుపులు రాకుండ 1909కు చెప్పుకొను మార్గము కూడ కలదు. నేను నమోదు చేయించుకొంటిని, అయినను సాధారణపు నంబర్లనుండి పిలుపులు వచ్చుచునే యున్నవి. కాని పొరుగువానిపై చట్టమును ప్రయోగించి సాధించు ప్రశాంతి నాకు వలదు. ముందుగా చెప్పుడని మాత్రమే నేను వేడుచున్నాను.

మా భవనములో ఎవరింట గోడ కొట్టినను, రాయి కోసినను, ఏ గంటనుండి ఏ గంటవరకో ముందునాటి సాయంత్రమే లిఫ్టు ప్రక్కన కాగితము అంటింపవలెననియు, మధ్యాహ్నము ఒంటిగంటనుండి నాలుగింటివరకు యంత్రములను ఆపవలెననియు వచ్చు ఆదివారము సంక్షేమ సంఘ సమావేశమున ప్రతిపాదింపనున్నాను. పై అంతస్తు యజమాని విని, ఇంతమాత్రమునకేనా యని వెంటనే సమ్మతించెను, మేస్త్రియు సరేననెను. పాత సామాను బండివానితో ఇంకను మాటాడవలసియున్నది.

— మారేడుపల్లి వాసి