ఆ పేరుతో తిట్టకండి

ఈ వారం మారికుప్పంలో బండెక్కి బెంగళూరు పోయాను. బంగారుపేట దాటాక ఎదురు సీట్లో ఇద్దరు కుర్రాళ్లకు మాటామాటా పెరిగింది. "నిన్ను నిమ్హాన్స్‌లో వెయ్యాలిరా!" అన్నాడొకడు. పెట్టె అంతా నవ్వింది. కిటికీ పక్కన కూర్చున్న ఒకామె మాత్రం ఒళ్లోని ఆస్పత్రి చీటీల సంచిని కొంగు కిందికి లాక్కుంది. ఆమె పోతున్నది అక్కడికే. అప్పటినుంచి నా మనసు మనసులో లేదు.

హైదరాబాదు వాళ్లకు ఎర్రగడ్డ, మనకు నిమ్హాన్స్. మనసు జబ్బు నయం చేసే చోటి పేరే తిట్టయి కూర్చుంది. మన నిమ్హాన్స్ మొదట 1847 నాటి బెంగళూరు లూనాటిక్ అసైలం. మైసూరు సర్కారు 1925లోనే ఆ పేరు కొట్టేసి మెంటల్ హాస్పిటల్ అని మార్చింది. మనుషుల్ని మూసిపెట్టే కొట్టు కాదు, ఆస్పత్రి అని ఒప్పుకున్న మాట అది. అదే మాటతో ఉన్న 1912 నాటి లూనసీ చట్టాన్ని మాత్రం ఢిల్లీ 1987 దాకా వదిలిపెట్టలేదు. 1954లో ఆస్పత్రికి తోడుగా శిక్షణ సంస్థ వచ్చింది. 1974లో రెండూ కలిసి నిమ్హాన్స్ అయ్యాయి. ఒక సంస్థానం నూరేళ్ల కిందట దిద్దుకున్న నోటిని మనమింకా దిద్దుకోలేదు.

అందులోనూ మన కోలారు బంగారు గనుల ఊళ్ల వాళ్లమా నవ్వేది? మూడు కిలోమీటర్ల లోతున బండ పేలితే పైన ఇళ్లు అదిరేవి. మగవాడు షిఫ్టు దిగి వచ్చేదాకా ఇల్లాలికి కునుకుండేది కాదు. ఆ రాత్రులు మనుషుల్ని ఏం చేశాయో ఎవరు లెక్క రాశారు? 2001 ఫిబ్రవరి 28న గనులు మూశారు. గనుల కంపెనీ ఆస్పత్రీ మూతపడింది. రాతిధూళి ఊపిరితిత్తుల్లో మోసుకుంటూ జనం ఇక్కడే మిగిలారు. 2021లో కోవిడ్ ముంచుకొస్తే, ఊరి వాళ్లు చీపుర్లు పట్టి తుడిచాకే ఆ ఆస్పత్రిలో మళ్లీ పడకలు పడ్డాయి. ఇరవై ఏళ్లు దుమ్ము పట్టించిన వాళ్లను నేను క్షమించలేను.

మనసు వైద్యానికి పట్నమే దిక్కు అనకండి. పల్లె ఆరోగ్య కేంద్రాల్లోనే ఇది సాగుతుందని నిమ్హాన్స్ డాక్టర్లే 1980లలో బళ్లారి జిల్లాలో చేసి చూపించారు. 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య పథకానికి ఆ బళ్లారే నమూనా. మరి మా ఊరి తల్లి రోజు కూలి పోగొట్టుకుని వంద కిలోమీటర్లు ఎందుకు పోవాలి? కంపెనీ ఆస్పత్రిలో ఒక గది తెరవండి. వారానికొక రోజు డాక్టరు, నెలకు సరిపడా మాత్రలు. ఆమె చీటీల సంచి దాచుకోకుండా నడిచి వెళ్లేంత దగ్గరలో.