మూడో బిడ్డ గడి ఎవరు చూస్తారు?

డండాక్‌లో ఉగాది భోజనాలకి ఆన్‌లైన్‌లో పేర్లు తీసుకోవాలనుకోండి. ఏ ఇంటి నుంచి ఎంతమంది పిల్లలొస్తారో ముందే తెలీదు. అందుకని ఫారంలో "ఇంకొకరిని చేర్చండి" అనే బటన్ పెడతాం. నొక్కినప్పుడల్లా పేరు, వయసు, పడని తిండి గడులు ఇంకో వరస వస్తాయి. చిక్కంతా ఇక్కడే.

పీహెచ్‌పీ వాళ్ల లారవెల్ ఫ్రేమ్‌వర్క్‌లో "చిల్డ్రన్" జాబితా వచ్చిందా అని మాత్రమే అడిగితే, అది లోపలి గడుల్ని పట్టించుకోదు. "చిల్డ్రన్.*.ఏజ్" అని రాయాలి. ఆ నక్షత్రం గుర్తుకి "ప్రతి వరసలోనూ" అని అర్థం. 2015 డిసెంబరులో వచ్చిన 5.2 నుంచి ఈ సదుపాయం ఉంది. తప్పు దొరికితే "చిల్డ్రన్.2.ఏజ్" అని చూపిస్తుంది. పిల్లలూ, అది ఎన్నో బిడ్డో చెప్పండి చూద్దాం! లెక్క సున్నాతో మొదలు, కాబట్టి మూడో బిడ్డ.

పల్లీలు పడని పిల్లల విషయంలో మాత్రం ఖాళీ గడిని నమ్మకండి. ఏ ఇబ్బందీ లేదనా, రాయడం మరిచిపోయారా? ప్రతి బిడ్డకీ "ఉంది / లేదు" తప్పనిసరి చేసి, ఉందంటే వివరం కూడా రాయించండి. దానికి "రిక్వైర్డ్_ఇఫ్" నియమం ఉంది. బ్రౌజర్‌లో చూశాం కదా అని సర్వర్‌లో తనిఖీ మానొద్దు. పులిహోర కలిపేవాళ్ల చేతికి వెళ్లే జాబితా అక్కడి నుంచే వస్తుంది.