ఆపరేషన్ కాక మరో దారి లేదా?

ఆంధ్రప్రదేశ్‌లో కుటుంబ నియంత్రణ అంటే ఆడవాళ్ల ఆపరేషనే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల వివాహితల్లో 69.6 శాతం మంది ట్యూబెక్టమీ చేయించుకున్నవారే. భర్తకు వేసెక్టమీ అయినవారు 0.4 శాతం, కాపర్ టీ వాడేవారు 0.2, మాత్రలు 0.3, కండోమ్ 0.5. విజయవాడ నర్సింగ్ హోమ్‌లోనైనా, దివిసీమ పల్లెలోనైనా రెండో కాన్పయ్యాక అడిగేది ఆపరేషన్ ఎప్పుడనే. చాలామందికి పాతికేళ్లు నిండకముందే ఆ పని అయిపోతుంది. గర్భసంచి తొలగింపుల్లోనూ 2015-16 సర్వేలో దేశంలో మనదే పైచేయి: ఈ వయసు ఆడవాళ్లలో దాదాపు 9 శాతం. ఆడవాళ్ల సమస్య ఏదైనా ఒక్క కోతతో తేల్చేయడం మన వైద్యానికి అలవాటైపోయింది. ఆ అలవాటును మాన్పించగల సాధనం ఒకటి రెండు దశాబ్దాలకు పైగా ప్రపంచంలో వాడుకలో ఉంది. మన ప్రభుత్వ కుటుంబ నియంత్రణ కార్యక్రమంలో మాత్రం దానికి చోటు లేదు. అదే యోనిలో పెట్టుకునే మందు రింగు.

చూడ్డానికి చిన్న గాజులా ఉండి, నొక్కితే వంగే వస్తువు అది. సిలికోన్‌తోనో, ఇథిలీన్ వినైల్ అసిటేట్ అనే పాలిమర్‌తోనో చేస్తారు. అందులో కలిపిన మందు వారాలు, నెలల తరబడి కొద్దికొద్దిగా బయటికి ఊరుతుంది. మాత్ర మింగితే మందు ముందు కాలేయం గుండా పోవాలి, కొంత అక్కడే విరిగిపోతుంది. యోని గోడల్లో రక్తనాళాలు దండిగా ఉంటాయి కనుక రింగులోని మందు నేరుగా రక్తంలో కలుస్తుంది, తక్కువ మోతాదే సరిపోతుంది. 2001లో అమెరికా అనుమతించిన నువారింగ్ రోజుకు 15 మైక్రోగ్రాముల ఈస్ట్రోజన్ రకం హార్మోను విడుదల చేస్తుంది. మూడు వారాలు ఉంచుకుని ఒక వారం తీసేయాలి. పాలిచ్చే తల్లుల కోసం ప్రొజెస్టిరాన్ మాత్రమే ఉన్న రింగు వేరే ఉంది. అది మూడు నెలలు పనిచేస్తుంది, 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాకెక్కింది. ముట్లుడిగాక వచ్చే పొడితనానికి, మంటకు 90 రోజుల రింగు మరొకటి. అన్నిటికంటే నాకు ముఖ్యంగా తోచేది ఒకటుంది: దీన్ని పెట్టుకోవడానికీ, తీసేయడానికీ ఇంకొకరి చెయ్యి అక్కర్లేదు. కాపర్ టీ తీయాలంటే నర్సో డాక్టరో కావాలి. 2017లో మొదలైన 'అంతర' గర్భనిరోధక ఇంజెక్షన్ ఒకసారి పడిందా, ఒంటికి పడినా పడకపోయినా మూడు నెలలు భరించాల్సిందే.

ఇక్కడే పాత గాయం గుర్తుకు రావాలి. 1980లలో హైదరాబాద్ పక్కన పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షన్‌ను సరైన వివరం చెప్పకుండా ఆడవాళ్లపై పరీక్షిస్తున్నారని స్త్రీ శక్తి సంఘటన అనే మహిళా సంఘం బయటపెట్టింది, 1986లో సుప్రీంకోర్టుకెక్కింది. 2009లో ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా ప్రాజెక్టులో తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారు. మరుసటి ఏడాది ప్రభుత్వం దాన్ని ఆపించింది, 2013లో పార్లమెంటరీ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది. కొత్త సాధనమంటే మహిళా సంఘాలు ముందు అనుమానంతో చూడటం న్యాయమే. అయితే ఇంజెక్షన్‌కు ఉన్న ప్రమాదమేమిటి? వద్దన్నా వెనక్కి తీసుకోలేకపోవడం. రింగు విషయంలో సంతకం ఒక్కసారితో ముగిసిపోదు, ఆమె ఏ రోజైనా కాదనవచ్చు. అలాగని అంగీకార పత్రం అక్కర్లేదని కాదు. ఆ కాగితం తెలుగులో, ఆమెకు అర్థమయ్యే మాటల్లో ఉండాలి.

మన ఆడవాళ్లు లోపల చెయ్యి పెట్టుకోవడానికి సిగ్గుపడతారని ఒక వాదన. కొందరు పడతారు. వాళ్లకు వేరే పద్ధతులున్నాయి. అందరి తరఫునా ముందే కాదనేయడం మాత్రం పెద్దరికం చెలాయించడమే. ఇంతకంటే గట్టి అభ్యంతరాలు రెండున్నాయి. ఈస్ట్రోజన్ ఉన్న రింగులతో రక్తం గడ్డకట్టే ముప్పు కొంత పెరుగుతుంది. బీపీ చూడకుండా, పాత జబ్బులు అడక్కుండా ఎవరికీ ఇవ్వకూడదు. ఆ పని మన ఏఎన్ఎంలు చేయగలరు. రెండోది ఎండ. నువారింగ్‌ను దుకాణం దాకా ఫ్రిజ్‌లోనే ఉంచాలి. 2018లో వచ్చిన, ఏడాదిపాటు పనికొచ్చే సిలికోన్ రింగుకు ఫ్రిజ్ అక్కర్లేదు, గది ఉష్ణోగ్రత చాలంటారు. రోహిణి కార్తెలో విజయవాడ గది ఎంత వేడెక్కుతుందో అది తయారుచేసినవాళ్లకు తెలియకపోవచ్చు! ఇక్కడి ఎండలో పరీక్షించాకే కొనాలి.

రింగుతో హెచ్ఐవీని అడ్డుకోవడం సంగతి వేరు. 2021 అంచనాల్లో ఆంధ్రప్రదేశ్‌లో పెద్దవాళ్లలో 0.67 శాతం మందికి, మొత్తం 3.2 లక్షల మందికి హెచ్ఐవీ ఉంది. ఈశాన్య రాష్ట్రాలను పక్కనపెడితే శాతంలో మనదే ఎక్కువ. ఆపరేషనయిన ఇంట్లో కండోమ్ ఊసే ఉండదు కనుక భార్యకు రక్షణ లేదు. డాపివిరిన్ అనే హెచ్ఐవీ నిరోధక మందున్న రింగును ఆఫ్రికాలో పరీక్షిస్తే 2016లో వెలువడిన రెండు అధ్యయనాల్లో 27, 31 శాతమే ముప్పు తగ్గింది. ఆరు నెలలకోసారి వేసే లెనకపవిర్ ఇంజెక్షన్ పొందిన 2,134 మంది యువతుల్లో ఒక్కరికీ సోకలేదని 2024లో తేలింది. కాబట్టి హెచ్ఐవీ కోసం రింగును ముందు పెట్టమనడం సరికాదు. గర్భనిరోధానికే దాన్ని అడగాలి.

పిల్లలు తగ్గిపోతున్నారని ప్రభుత్వమే బెంగపడుతుంటే గర్భనిరోధమేమిటని కొందరు అడగొచ్చు. ఇద్దరికి మించి సంతానముంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న నిబంధనను 2024 నవంబరులో శాసనసభ ఎత్తేసింది. మంచిదే. కానీ ఇరవై నాలుగేళ్లకే ట్యూబులు కోయించుకున్న ఆమె ముప్పై దాటాక మూడో బిడ్డ కావాలనుకుంటే ఏ ప్రోత్సాహకం పనికొస్తుంది? జనాభా పెరగాలనుకునే రాష్ట్రానికే కావాలన్నప్పుడు మానుకోగల పద్ధతులు ఎక్కువ అవసరం. ధరా పెద్ద అడ్డంకి కాకూడదు: నువారింగ్‌కు చవక నకళ్లు అమెరికాలో 2019 నుంచే ఉన్నాయి, వైద్య పరికరాల తయారీకి మనకు విశాఖలో మెడ్‌టెక్ జోన్ ఉంది. పాలిచ్చే తల్లులకు ప్రొజెస్టిరాన్ రింగుతో విజయవాడ, మచిలీపట్నం ప్రభుత్వాసుపత్రుల కాన్పుల వార్డుల్లోనే మొదలుపెట్టాలి. కావాల్సినవారికే ఇవ్వాలి, ఆశా కార్యకర్తలకు టార్గెట్లు పెట్టకూడదు, ఎంతమంది మధ్యలో తీసేశారో, ఎందుకు తీసేశారో ఏటా ప్రకటించాలి. రాష్ట్ర కుటుంబ సంక్షేమ శాఖ ఈ పని వచ్చే బడ్జెట్లోనే తలపెట్టాలి.